స్పిరులినా పొడి నుంచి నీలి రంగు తీయడం ఎలా?

బీఎస్సీ చదివే పిల్లలు, ఇంట్లో కుల్ఫీలు, స్వీట్లు చేసి అమ్మే ఆడవాళ్లు, సంక్రాంతి ముగ్గులకు కొత్త రంగులు వెతికేవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "బాక్టీరియా నుంచి రంగు తీయొచ్చట కదా, మా ఇంట్లో చేసుకోగలమా?" శ్రీకాకుళంలో జీవశాస్త్రం చెప్తూ ఉంటాను కాబట్టి ఈ ప్రశ్న నెలకు నాలుగైదుసార్లు వస్తుంది. ప్రతిసారీ ఫోన్‌లో సగం సగం చెప్పే బదులు ఇక్కడ మొత్తం రాస్తున్నాను.

చేసుకోగలరు. కానీ ఏ బాక్టీరియా అన్నది ముందు తేల్చుకోవాలి. బాక్టీరియా రంగుల్లో పేరున్నది సెర్రేషియా ఇచ్చే ప్రోడిజియోసిన్ అనే ఎరుపు. 1819లో ఇటలీలో పడువా దగ్గర మొక్కజొన్న సంకటి మీద రక్తపు మరకల్లా కనబడి జనాన్ని భయపెట్టింది ఇదే. క్రోమోబాక్టీరియం ఇచ్చే వయొలేసిన్ అనే ఊదా రంగు ఇంకొకటి. ఈ రెండింటినీ ఇంట్లో పెంచకండి. సెర్రేషియా ఆస్పత్రుల్లో ఇన్ఫెక్షన్లు తెచ్చే రకం. క్రోమోబాక్టీరియం అరుదుగానే అయినా ప్రాణం మీదికి తెచ్చే జబ్బు కలిగిస్తుంది. బాత్‌రూమ్ మూలల్లో గులాబీ రంగు జిగురు కడుతుందని, దాన్ని గీకి పెంచుదామని ఒకరు అడిగారు. వద్దు. బ్లీచింగ్ పెట్టి కడిగేయండి. వాటితో పని కాలేజీ ల్యాబ్‌లో, తెలిసినవారి పర్యవేక్షణలోనే జరగాలి.

ఇంటికి సరిపోయేది స్పిరులినా. చాలామంది దీన్ని నాచు అనుకుంటారు. నిజానికి ఇది సయనోబాక్టీరియా, అంటే ఎండ వెలుగుతో తన ఆహారం తానే తయారుచేసుకునే బాక్టీరియా. దాని పొడి పచ్చగా కనబడినా లోపల ఫైకోసయనిన్ అనే చక్కటి నీలి రంగు ఉంటుంది. మంచి పొడి తూకంలో వందకు పది, పదిహేను వంతులు ఇదే. పచ్చదనం పత్రహరితానిది, అది నీళ్లలో కరగదు. నీలం కరుగుతుంది. మనం చేసే పనంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

ఇంకొక్క మాట మాత్రం మనసులో గట్టిగా పెట్టుకోండి. ఈ నీలం ఒక ప్రొటీన్. దీన్ని రంగు డబ్బాలా కాకుండా కోడిగుడ్డు తెల్లసొనలా చూడండి. వేడి తగిలితే ఉడికిపోతుంది, పులుపు పడితే విరిగిపోతుంది, బయట పెడితే కుళ్లిపోతుంది. నా దగ్గరికి వచ్చిన ఫెయిల్యూర్లలో ఎక్కువ భాగం ఈ మూడింట్లో ఏదో ఒకటి మరిచిపోయినవే.

కావలసినవి

- స్పిరులినా పొడి 10 గ్రాములు. ఏమీ కలపనిది. మాత్రలైతే గట్టిపడటానికి వేరే పదార్థాలు కలుపుతారు, పొడే తీసుకోండి.
- ఆర్‌ఓ నీళ్లు లేదా కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు 200 మి.లీ. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు వద్దు.
- గ్రాముల్లో తూచే చిన్న కాటా
- మూతలున్న గాజు సీసాలు రెండు, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టినవి
- నాలుగు మడతలు వేయడానికి పలచని నూలు గుడ్డ. పాత పొందూరు ఖద్దరు పంచె ముక్క ఉంటే అంతకన్నా మంచి వడపోత గుడ్డ లేదు, ఆ నేత అంత సన్నం.
- ఫిల్టర్ కాఫీకి వాడే కాగితం లేదా ల్యాబ్ ఫిల్టర్ పేపర్
- ఫ్రిజ్
- సీసాకు చుట్టడానికి నల్ల గుడ్డ లేదా అల్యూమినియం రేకు

చెరువు మీద తేలే పచ్చటి తెట్టె స్పిరులినా కాదు. ఇది ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి గట్టిగా చెప్తున్నాను. అందులో మైక్రోసిస్టిస్ లాంటి విషపు రకాలు ఉంటాయి. వాటి విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మరిగించినా పోదు. తినేదానికైనా, పిల్లలు చేత్తో ముట్టే ముగ్గుకైనా ఆ తెట్టె వాడకండి. కొనే పొడి కూడా పరీక్ష చేయించిన కంపెనీదై ఉండాలి.

మొదలుపెట్టే ముందు: పొడి పరీక్ష

గాజు గ్లాసులో చల్లటి నీళ్లు పోసి, పైన చిటికెడు పొడి చల్లి, కదపకుండా గంటసేపు వదిలేయండి. కింద నీళ్లలోకి నీలి తీగలు దిగితే పొడి బాగుంది. నీళ్లు పచ్చగానో గోధుమ రంగులోనో మారి నీలం జాడే లేకపోతే, ఎక్కువ వేడిలో ఆరబెట్టిన పొడి అన్నమాట. అందులో నీలం ముందే చచ్చిపోయింది. దాని మీద రెండు రోజులు కష్టపడినా ఏమీ రాదు, వేరే పొడి తెచ్చుకోండి.

రంగు తీసే పద్ధతి

1. 10 గ్రాముల పొడిని సీసాలో వేసి, మొదట రెండు మూడు చెంచాల నీళ్లు మాత్రమే పోసి ముద్దలా కలపండి. ఉండలు విడిపోయాక మిగతా నీళ్లు కొంచెం కొంచెంగా పోయండి. ఒకేసారి పోస్తే శనగపిండిలాగే ఉండలు కట్టి, లోపలి పొడి పొడిగానే ఉండిపోతుంది.

2. మూతపెట్టి, నల్ల గుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రీజర్‌లో కాదు, కింది అరలో. 12 గంటలు చాలు. మధ్యలో రెండు మూడుసార్లు సీసాను నెమ్మదిగా తిప్పండి. గట్టిగా ఊపితే నురగ కడుతుంది. మిక్సీలో అసలే వేయకండి. నురగతో పాటు బ్లేడు వేడి కూడా నష్టమే, పైగా పచ్చటి కణాలు మరీ సన్నగా నలిగి వడపోతలో ఆగవు.

పొడి కాకుండా పచ్చి స్పిరులినా ముద్ద దొరికితే పద్ధతి కొంచెం మారుతుంది. పచ్చి కణాల గోడలు ఇంకా గట్టిగా ఉంటాయి, ఊరికే నానబెడితే రంగు వదలవు. ముద్దకు రెట్టింపు నీళ్లు కలిపి రాత్రి ఫ్రీజర్‌లో గడ్డ కట్టించండి, పగలు ఫ్రిజ్ కింది అరలో కరగనివ్వండి. ఇలా మూడుసార్లు. లోపల ఏర్పడే మంచు ముక్కలే కణాలను చీల్చేస్తాయి. తొందరపడి ఎండలోనో వేడినీళ్లలోనో కరిగించారంటే చేసిన పనంతా పోయినట్టే.

3. నానిన సీసాను కదపకుండా ఇంకో మూడు నాలుగు గంటలు ఫ్రిజ్‌లోనే ఉంచండి. మడ్డి అడుక్కి దిగి పైన నీలం తేరుతుంది. తేరిన నీళ్లను మెల్లగా నాలుగు మడతల గుడ్డ మీదికి వంచండి.

4. గుడ్డను పిండకండి. ఇక్కడ ఎవరి చెయ్యీ ఆగదు. అడుగున ఇంకా చాలా రంగు మిగిలిందనిపిస్తుంది, పిండితే ఆఖరి రెండు చెంచాలతో పాటు పచ్చదనమంతా వచ్చి పడుతుంది. దానంతట అది కారనివ్వండి. మిగిలిన మడ్డిలో ఇంకో 50 మి.లీ. చల్లటి నీళ్లు పోసి రెండోసారి తేర్చుకోవచ్చు. లేత నీలం వస్తుంది, ముగ్గుకు పనికొస్తుంది.

5. గుడ్డలోంచి దిగినదాన్ని ఫిల్టర్ కాగితంలో మళ్లీ వడగట్టండి. ఇది చుక్క చుక్కగా దిగుతుంది, గంట రెండు గంటలు పడుతుంది. ఎండాకాలమైతే గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పెట్టి వడగట్టండి. చివరికి 150 మి.లీ. వరకు ముదురు నీలం చేతికొస్తుంది.

తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో ఈ పని మొదలుపెట్టకండి. మన తీరంలో కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలియదు, 2018లో తిత్లీ తర్వాత ఉద్దానం పల్లెలు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో గుర్తుండే ఉంటుంది. ఫ్రిజ్ ఆగిన సీసాలో రంగు ఒక్క పూటలోనే వాసన పడుతుంది.

వచ్చింది అసలు నీలమేనా? ఇలా చూసుకోండి

టార్చి పరీక్ష: చీకటి గదిలో, గ్లాసు వెనక నల్ల గుడ్డ పెట్టి, మీరు నిలబడిన వైపు నుంచే ఫోన్ టార్చి కొట్టండి. చిక్కటి ఫైకోసయనిన్ అయితే వెలుగు పడినచోట ఎర్రటి మెరుపు కనిపిస్తుంది. పట్టుకున్న కాంతిని ఈ రంగు ఎరుపుగా తిరిగి వదులుతుంది. నీలి నీళ్లు ఎర్రగా మెరవడం మొదటిసారి చూసినప్పుడు మా ల్యాబ్‌లో పిల్లలు లైట్లు వేయనివ్వలేదు. పలచటి రంగులో ఇది తెలియదు, చిక్కటిదానితోనే చూడండి.

వేడి పరీక్ష: ఒక చెంచా రంగును గరిటెలో మరిగించండి. నీలం వెలిసిపోయి, విరిగిన పాలలా తునకలు రావాలి. ఎంత మరిగించినా నీలం అలాగే నిలిస్తే అది ఫైకోసయనిన్ కాదు.

నిమ్మకాయ పరీక్ష: ఇంకో చెంచాలో నాలుగు చుక్కల నిమ్మరసం వేయండి. ఫైకోసయనిన్ మందగించి కాసేపటికి అడుక్కి దిగుతుంది. శంఖుపూల నీళ్లయితే వెంటనే ఊదా రంగులోకి తిరుగుతాయి. కెమికల్ నీలం మారదు. "స్పిరులినా బ్లూ" అని డబ్బాల్లో అమ్మేది కొన్నప్పుడు కూడా వేడి, నిమ్మకాయ పరీక్షలు రెండూ చేసి చూడండి. మోసపోకుండా ఉంటారు.

కాలేజీ ల్యాబ్‌లో చేసేవారికి

నీళ్ల బదులు 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్ (పులుపు, ఘాటు మారకుండా నిలిపే ద్రావణం), పీహెచ్ 7 వాడండి. గుడ్డ వడపోత బదులు సెంట్రిఫ్యూజ్‌లో 5,000 ఆర్‌పీఎం దగ్గర 20 నిమిషాలు తిప్పండి. బఫర్‌తో తీసినది తినడానికి కాదు.

గాఢత లెక్కకు 1973 నాటి బెన్నెట్, బొగొరాడ్ సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో (రంగు ఎంత కాంతిని మింగుతుందో కొలిచే పరికరం) 615 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసుకోండి. 652 దగ్గరి రీడింగ్‌ను 0.474తో గుణించి అందులోంచి తీసేయండి. మిగిలినదాన్ని 5.34తో భాగిస్తే మి.లీ.కు ఎన్ని మిల్లీగ్రాములో వస్తుంది. ఉదాహరణకు 20 రెట్లు పలచన చేసిన నమూనాకు 615 దగ్గర 0.80, 652 దగ్గర 0.30 వచ్చిందనుకోండి. 0.30ను 0.474తో గుణిస్తే 0.142. తీసేస్తే 0.658. 5.34తో భాగిస్తే 0.123. పలచన చేసిన 20 రెట్లతో గుణిస్తే మి.లీ.కు దాదాపు 2.46 మిల్లీగ్రాములు.

స్వచ్ఛత చూడాలంటే 620 దగ్గరి రీడింగ్‌ను 280 దగ్గరి రీడింగ్‌తో భాగించండి. 0.7 దాటితే ఆహారానికి తగిన స్థాయి అంటారు, 4 దాటితే పరిశోధనల్లో వాడేంత శుద్ధం.

రికార్డుల్లో నేను దిద్దే తప్పులు దాదాపు ఎప్పుడూ ఇవే. 280 దగ్గర గాజు లేదా ప్లాస్టిక్ క్యూవెట్ (నమూనా పోసే చిన్న గొట్టం) వాడటం: అవి ఆ కాంతిని తామే మింగేస్తాయి, క్వార్ట్జ్ క్యూవెట్ కావాలి. నమూనా మసకగా ఉండగానే రీడింగ్ తీయడం: తేలే కణాలు కాంతిని చెదరగొట్టి గాఢత ఎక్కువ చూపిస్తాయి. బఫర్‌తో తీసి నీళ్లతో బ్లాంక్ (రంగు లేని సున్నా రీడింగ్) పెట్టడం. పలచన చేసిన రెట్లు లెక్కలో కలపడం మరిచిపోవడం. మీ గాఢత నమ్మశక్యం కానంత తక్కువ వస్తే ముందు ఈ చివరిదే చూసుకోండి.

ఎక్కడ వాడొచ్చు

*చల్లటి తినుబండారాలు.* కుల్ఫీ, ఐస్‌క్రీమ్, కొబ్బరి పాల జెల్లీ, సబ్జా పాలు. పాలు కాచి, పూర్తిగా చల్లారాక, ఫ్రీజర్‌లో పెట్టే ముందు రంగు కలపండి. అర లీటరుకు రెండు చెంచాలతో మొదలుపెట్టి చూసుకుంటూ పెంచండి. చైనా గ్రాస్ జెల్లీ అయితే గిన్నెను అరచేతుల్లో హాయిగా పట్టుకోగలిగే వేడికి దిగాక కలపండి, అప్పటికింకా గడ్డ కట్టదు. కొంచెం నాచు వాసన ఉంటుంది, యాలకుల పొడి దాన్ని కప్పేస్తుంది. నేను మొదటిసారి తీసిన రంగంతా పొయ్యి మీది పరమాన్నంలో పోశాను. రెండు నిమిషాల్లో బూడిద రంగు తిరిగింది. 45 డిగ్రీలు దాటితే ఈ నీలం త్వరత్వరగా పాడవుతుంది, మరిగే పాలలో అసలే బతకదు. నిమ్మ సోడా, పులిహోర లాంటి పుల్లటివాటిలోనూ వద్దు.

ఫినైల్‌కీటోన్యూరియా (ప్రొటీన్‌లోని ఫినైల్‌అలనిన్‌ను శరీరం అరిగించుకోలేని, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్నవారు స్పిరులినాది ఏదీ తినకూడదు. గర్భిణులు, ఆటోఇమ్యూన్ జబ్బులకు మందులు వాడేవారు డాక్టర్ని అడిగాకే తినాలి.

*ముగ్గు.* నా దృష్టిలో ఈ రంగు అన్నిటికన్నా బాగా అమరేది ఇక్కడే. ఎండకు రెండు మూడు రోజుల్లో వెలిసిపోవడం గుడ్డ మీద లోపం. వాకిట్లో ఎలాగూ మర్నాడు కొత్త ముగ్గు పడుతుంది కాబట్టి అక్కడ అది లోపమే కాదు. 100 గ్రాముల పొడి బియ్యప్పిండిలో 30 మి.లీ. చిక్కటి రంగు పోసి చేత్తో నలుపుతూ కలపండి. పళ్లెంలో పలచగా పరిచి, గదిలో ఫ్యాన్ కింద రాత్రంతా ఆరనిచ్చి జల్లించండి. ఎండలో పెట్టొద్దు. సున్నం కలిసిన ముగ్గుపిండి వద్దు, సున్నపు ఘాటుకు ఈ నీలం చచ్చిపోతుంది. ఆకుపచ్చ కావాలంటే ఇందులోనే కొంచెం పసుపు కలపండి. సంక్రాంతి ముందు చలిరోజులు దీనికి చక్కగా సరిపోతాయి. మే నెలలో మన గదుల్లో వేడికి ఆరేలోపే రంగు తగ్గుతుంది.

*పిల్లల నీటి రంగు.* రెండు చెంచాల చిక్కటి రంగులో చల్లటి తుమ్మబంక నీళ్లు ఒక చెంచా కలిపితే కుంచెకు పడుతుంది. నోట్‌బుక్ లోపల నిలుస్తుంది, గోడకు తగిలిస్తే వెలిసిపోతుంది.

ఎక్కడ వాడకూడదు

పొందూరు ఖద్దరుకు అద్దుదామని అడుగుతూనే ఉన్నారు. వద్దండీ. వలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, వంద కౌంటు నూలు వడికిన బట్ట అది. ఈ నీలం నూలును పట్టుకోదు. మొదటి ఉతుకులో సగం, రెండు మూడు రోజుల ఎండలో మిగతాది పోతుంది. అంత కష్టం మీద రెండు రోజుల రంగు వేయడం నాకు మనసొప్పదు. నూలు బట్టకు నీలం కావాలంటే నీలిమందు తొట్టె ఉంది. అక్కడా బాక్టీరియానే పనిచేస్తుంది: పులిసిన తొట్టెలో నీళ్లలో కరగని నీలిమందును కరిగే రూపంలోకి మార్చేది అదే. కాకపోతే అక్కడ రంగు మొక్కది, పని బాక్టీరియాది.

ఇంట్లో చేసే సబ్బులో కాస్టిక్ సోడా ఈ నీలాన్ని చంపేస్తుంది. లిప్ బామ్, కొవ్వొత్తి లాంటి నూనె, మైనపు వస్తువుల్లో ఇది కలవదు, ఇది నీళ్ల రంగు.

నిల్వ

ఫ్రిజ్‌లో చీకట్లో మూడు రోజులు. ఎక్కువ కావాలంటే ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెడితే నెల రోజులు వస్తుంది, కావలసినప్పుడు ఒక్కో ముక్క తీసుకోవచ్చు. తినడానికైతే 100 మి.లీ. రంగుకు 120 గ్రాముల చక్కెర వేసి, వేడి చేయకుండా కరిగేదాకా కలిపి ఫ్రిజ్‌లో ఉంచండి. చిక్కటి తీపిలో ఈ ప్రొటీన్ నిలకడగా ఉంటుంది, వారం వాడుకోవచ్చు. చెడు వాసన వచ్చినా, పైన తీగలా కట్టినా పారేయండి. మరిగించి బాగుచేయడం కుదరదు.

తేడా కొడితే

నీలానికి బదులు ఆకుపచ్చ వచ్చింది: గుడ్డ పిండారు, లేదా మడ్డి దిగకముందే వంచారు. ఫ్రిజ్‌లో ఇంకో రాత్రి తేరనిచ్చి కాగితంలో మళ్లీ వడగట్టండి, చాలావరకు బాగుపడుతుంది.

బూడిద రంగు, అడుగున తునకలు: వేడి లేదా పులుపు తగిలింది. దీనికి మందు లేదు. గిన్నెకు అంటిన చింతపండు పులుపు కూడా చాలు, కాబట్టి సీసాలు వేరుగా పెట్టుకోండి.

రంగు బాగానే ఉంది కానీ మరీ లేత: నీళ్లు ఎక్కువయ్యాయి. మరిగించి చిక్కబరచలేరు. తర్వాతిసారి ఈ లేత నీలంలోనే కొత్త పొడి నానబెట్టండి.

"నౌపడా ఉప్పు మడుల్లో నీళ్లు గులాబీ రంగులోకి తిరిగితే అదీ బాక్టీరియా రంగేనా, తీయొచ్చా?" అని టెక్కలి వైపు నుంచి అడిగినవారికి: ఉప్పు గడ్డ కట్టేంత చిక్కటి నీళ్లకు ఆ రంగు తెచ్చేవి ఎక్కువగా ఆర్కియా అనే సూక్ష్మజీవులు, వాటితో పాటు కొన్ని బాక్టీరియాలు, ఒక రకం నాచు. ఆ రంగు నీళ్లలో కరిగేది కాదు, దాన్ని తీయడానికి ల్యాబ్ ద్రావకాలు కావాలి. ఈ పద్ధతి దానికి పనికిరాదు.

అమ్మకానికి చేద్దామనుకునేవారు ముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ చూసుకోండి. అమెరికాలో 2013లో స్పిరులినా సారాన్ని క్యాండీల్లో, చూయింగ్ గమ్‌లో వాడటానికి ఒప్పుకున్నారు, కానీ మన నిబంధనలు మనవి. మీరు చేసే వంటకంలో ఈ రంగు వాడొచ్చో లేదో జిల్లా ఆహార భద్రతా అధికారిని అడిగి, జవాబు కాగితం మీద తీసుకున్నాకే ఆర్డర్లు ఒప్పుకోండి.

మిగిలిన పచ్చటి మడ్డిని పారేయకండి. మళ్లీ నీళ్లు కలిపి మందార మొదట్లో పోయండి, నత్రజని దండిగా ఉంటుంది.